విదేశపు పాత యింజనులు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి దుర్గమున కనతిదూరమున నున్న దుత్తలూరు వంటి యూళ్లయందు కారు విలాసవస్తువు కాదు. బస్సు తప్పినవేళ ప్రసవవేదన పడు స్త్రీని ఆత్మకూరునకు గాని నెల్లూరునకు గాని చేర్చునది అదియే. పెండ్లివారిని మోయునది అదియే. అట్టి కారొకటి అప్పుచేసి కొని, బాడుగకు త్రిప్పుకొనుచు సంసారము నీడ్చుకొను వాని నొకని తలచుకొందము. ఒకనాడు నడిరోడ్డున నీరు మరగి యింజను బిగుసుకొనిపోవును. మెకానిక్కు విప్పి చూచి, "అన్నా, దీన్ని బాగుచేసే ఖర్చుకు జపాను ఇంజనే వస్తాది. మద్రాసు పోయి తెచ్చేసుకో, పదేండ్లు దాని వైపు చూడాల్సిన పన్లేదు" అనును. ఆ మాట నమ్మి యతడు రెండవ యప్పునకు బయలుదేరును.

ఈ మాటయందు నిజ మెంత, మాయ యెంత యని విచారించుట మా కర్తవ్యమని తోచుచున్నది. ఏలయన, చెన్నపట్టణమున పుదుప్పేటలోను, బెజవాడ ఆటోనగరులోను, ఢిల్లీ మాయాపురిలోను పాతసామగ్రి నాశ్రయించువారు ధనికులు కారు. ధనికుడు కారునే మార్చును. పేదవాడు యింజనును మార్చును.

మొదట నిజమును చెప్పుదము. జపానుదేశమున కార్లను పారవేయుట కవి చెడుటయే కారణము గాదు. అచట సొంతకారునకు కొన్నపిమ్మట మూడేండ్లకును, అటుపిమ్మట రెండేండ్ల కొకసారియు నిర్బంధ తనిఖీ జరుగును. ఆ తనిఖీకి వ్యయము హెచ్చు. పెట్రోలు కారు పదుమూడేండ్లు దాటినచో పన్ను పెరుగును. కాబట్టి బాగుగ నడచుచున్న కార్లను గూడ యజమానులు విడిచిపెట్టుదురు. అట్లు విడువబడినవి విప్పబడి, యింజనులు ఓడలకెక్కి, షార్జా వంటి వర్తకస్థలముల మీదుగ లోకమంతట వ్యాపించుచున్నవి. పొరుగున కరాచీ నగరపు షేర్‌షా బజారులో విదేశపు పాతసామగ్రిని 'కాబులీ' సరుకని పిలుతురు. అచటి టాక్సీవాండ్రు అనేకులు వానినే నమ్ముకొని బ్రతుకుచున్నారు. కావున జపాను యింజను మంచిదగుట అసంభవము గాదు. మంచిది దొరికినవాడు అదృష్టవంతుడే.

ఐతే అదృష్టముపై అప్పు చేయవచ్చునా?

జపానులో కారు తిరిగిన దూరము తనిఖీపత్రముపై నమోదగును. యింజనును కారునుండి వేరుచేసినంతనే ఆ పత్రమునకును యింజనునకును సంబంధము తెగిపోవుచున్నది. యింజనుకు దూరము చూపు గడియారము లేదు. పుదుప్పేటలో వర్తకుడు "నలుబదివేలే తిరిగింది" యని చెప్పిన దానికి అతని నాలుక దక్క సాక్షి లేడు. నీళ్లలో మునిగిన కారుదో, బోల్తాపడిన కారుదో, చమురు మార్చని సోమరి యజమానునిదో ఎవ్వరెరుగుదురు? పైని కిరసనాయిలుతో కడిగి వెండిరంగు పూసినచో అన్నియు కొత్తపెండ్లికొడుకులే.

మరియొక మాట. జపానులో ప్రయాణికుల కార్లలో అత్యధికభాగము పెట్రోలువి. మన పల్లెటూళ్ల టాక్సీలు చిరకాలము డీజిలుతో నడచినవి. కావున "జపాను డీజి" లని అమ్మబడు ప్రతి యింజనును జపానునుండియే వచ్చినదని నమ్మ నక్కరలేదు. మన దేశముననే ప్రమాదమున పడిన బండినుండియో, దొంగిలింపబడిన బండినుండియో ఊడదీసి, దానికి సముద్రయాన గౌరవము నంటగట్టుట కష్టమైన పని కాదు. పరదేశపు పేరు చెప్పిన సరుకునకు విలువ హెచ్చునను ఈ మోహము మన జాతికి పాతరోగము. 1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచరించి స్వదేశీ మంత్రము నుపదేశించినది ఈ రోగమునకే. 1921 ఏప్రిలు 7న మహాత్ముడు పెన్నయొడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించినపుడు నెల్లూరుసీమ ఆ మంత్రమును చెవులార విన్నది.

ఇట్లనుట చేత విదేశపు యింజనులను బహిష్కరింపుడని మేము చెప్పుచున్నా మని యెవ్వరును తలపరాదు. అట్టి కపటస్వదేశీయము మాకు సమ్మతము గాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యములు విడిచిపోయిన డిస్పోజల్ లారీలు, జీపులు మన రోడ్లపై ఎన్నేండ్లు తిరుగలేదు? మన యంబాసిడరు జన్మచే ఆంగ్లేయుల మారిసు ఆక్సుఫర్డు. దానికి తరువాత ఇసుజు యింజనును పెట్టినది ఉత్తరపారా కర్మాగారమువారే. 2014లో ఆ కారు నిర్మాణమే నిలిచిపోయినది. కర్మాగారమువారు బహిరంగముగ చేసిన పనిని పల్లెటూరి మెకానిక్కు చింతచెట్టు క్రింద చేసినంతమాత్రమున పాపమగునా? కాదు. కాని కర్మాగారమునకు పత్రము లుండెను. చింతచెట్టు క్రింద పత్రములు లేవు.

పత్రముల విషయముననే మన టాక్సీయజమాని సర్వనాశనమగుట కవకాశము కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి, అనుమతి లేకుండ యింజను మార్చినచో 14 దినములలోపల రిజిస్ట్రేషను పత్రముతో సహా ఆ మార్పును రవాణాధికారికి తెలుపవలయును. తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగ వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు, కేరళనుండి వచ్చిన వ్యాజ్యములో తీర్పుచెప్పినది. అనగా చిన్నయింజను తీసి పెద్దయింజనును, ఒక జాతి తీసి వేరొక జాతిని పెట్టుట కుదరదు. అదే సంవత్సరము సవరింపబడిన చట్టమున అక్రమమగు మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జుల్మానాయో, ఆరునెలలవరకు ఖైదో, రెండునో విధింప వీలున్నది. వాడిన సరుకును విదేశములనుండి తెచ్చుటయు, యంత్రసాధనములు దక్క, ప్రభుత్వానుమతి లేనిదే సాగదు. కావున కొనువాడు మొదట అడుగవలసినది ధర గాదు. ఈ యింజను ఏ కాగితముతో రేవు దిగినదని.

ఇన్సూరెన్సు పాలసీమీద యింజను నంబరుండును. ఆ నంబరొకటి, బండిలోని నంబరొకటియైన దినమున ప్రమాదము జరిగినచో కంపెనీవారు నష్టపరిహార మిచ్చుటకు వెనుదీయుదురు. పోలీసువారు ఆపి చూచినచో, ఆ యింజను దొంగసొత్తు కాదని ఋజువు చేసికొను భారము ఈ దీనునిపై పడును. యింజను నంబరు వేయు పలకను అరగదీసి, కొత్త అంకెలు కొట్టుట యను విద్య మన దేశమున నున్నదని అందఱెరుగుదురు. ఆ విద్యకు బలియగువాడు దానిని నేర్చినవాడు గాడు, తెలియక కొన్నవాడు.

కావున దుత్తలూరు యజమానికి మా మొదటి సలహా యిది: పాత యింజనును తూకమునకు వేయుటకు ముందు దానిని లేత్‌షాపునకు పంపుము. బిగుసుకొనిన యింజనులన్నియు చచ్చినవి గావు. బ్లాకు పగులనంతవరకు బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయవచ్చును. అంతకు మించి అరిగినచో స్లీవులు దింపవచ్చును. క్రాంకును సానబట్టి బేరింగులు మార్చవచ్చును, హెడ్డును చదునుచేయవచ్చును. అట్లు చేసినపుడు బ్లాకు మారదు. బ్లాకు మారకున్న నంబరు మారదు. రవాణాధికారితో పనియే లేదు. కూలిరూపమున నిచ్చిన ధనము మనవానికే చేరును. ఇంతకంటె స్వదేశీ యేమున్నది? కాని ఈ పనికి మూడునాలుగు వారములు పట్టును. ఆ వారములలో బాడుగ లేదు, అప్పువాడు వాకిట నిలుచును. "తెచ్చి వేసేయ్" అను మాట తీపిగ వినబడుటకు కారణమదియే. లేత్‌పనివారు తరిగిపోవుటయు ఒక కారణము. బోరు కొట్టుటలో చేయితిరిగిన వృద్ధులు గతించుచున్నారు. వారి కుమారులు ఆ నూనెచేతుల పని నొల్లకున్నారు.

బ్లాకు పగిలినపుడు వేరుదారి లేదు. అపుడైనను, సాధ్యమైనచో అదే తయారీ, అదే నమూనా యింజనును, ఏ బండినుండి తీసిరో ఆ బండి కాగితములతో సహా మన దేశముననే సంపాదించుట మేలు. విదేశపుదే కొనవలసివచ్చినచో కన్నులు తెరచి కొనవలయును. నమ్మకస్థుడగు మెకానిక్కును వెంటబెట్టుకొని పోయి, బ్యాటరీ తగిలించి త్రిప్పించి, ప్రతి సిలిండరునందును ఒత్తిడి కొలిపింపవలయును. పెట్రోలు యింజనున చదరపు అంగుళమునకు 150 నుండి 200 పౌండ్లవరకు సామాన్యముగ నుండును. డీజిలున దానికి రెట్టింపునకు పైబడును. అంతకంటె ముఖ్యమైనది సిలిండర్ల నడుమ తేడా నూటికి పది మించకుండుట. ఆయిలు మూత క్రింద నల్లని బంకయు, పాలవంటి నురుగును కనబడినచో అచటినుండి లేచి వచ్చుటయే వివేకము.

కొత్తకాలపు యింజనుకు వేరొక చిక్కు కలదు. దానిని నడపునది ఇనుము గాదు, కంప్యూటరు పెట్టె. పేరొకటియైనను జపాను బజారునకు చేసిన యింజనులోని తీగెలు, సెన్సార్లు, పొగశుద్ధి యేర్పాట్లు మన బజారునకు చేసిన దానితో సరిపోవని తరచు తేలుచున్నది. పెట్టె యొక దేశపుది, యింజ నొక దేశపుదియైన కారు, అర్థరాత్రి అడవిదారిలో ఆగును. 2020 ఏప్రిలు 1నుండి బి.ఎస్. 6 నిబంధన అమలున నుండుటచే, ఆ తరగతి కారునకు పాతతరము యింజను తగిలించినచో పొగతనిఖీయందును చిక్కులు తప్పవు. అమ్మకపువాడీ మాట లేవీ చెప్పడు. అతడు చెప్పునది వారము దినముల "చెకింగు వారంటీ" మాత్రమే. అదియు బిల్లుపై వ్రాయడు. బిల్లుపై యింజను నంబరును, వాపసు షరతును వ్రాయని దుకాణమున రూపాయి యైనను బయానా ఈయరాదు.

ఇక ప్రభుత్వమువారితో కొంత మాటాడవలసి యున్నది. వాహనములను శాస్త్రీయముగ విప్పు కేంద్రములకు 2021లో నిబంధనలు చేసిరి. సంతోషము. ఆ కేంద్రములలో విప్పబడిన కార్లనుండి పనికివచ్చు యింజనులను, ఏ కారుది, ఎంత తిరిగినది, ఒత్తిడి యెంత యను చీటీతో ప్రజలకు అమ్మించు మార్గమును ఏల స్థిరముగ ఏర్పరుపరాదు? అట్టి చీటీగల స్వదేశపు యింజను ముందర పుట్టుపూర్వోత్తరములు తెలియని జపాను యింజను నిలువజాలదు. తయారీదారులును ఒక నమూనా నిర్మాణమును నిలిపినపిమ్మట ఎన్నేండ్లు యింజను భాగములను సరఫరా చేయుదురో అమ్మకమునాడే వ్రాసియీయవలయును. కారు కొనునాడు చూపు ఆదరమునకును, బ్లాకు పగిలిననాడు చెప్పు ధరకును గల యంతరమే ఈ పాతబజారులను పోషించుచున్నది.

దుత్తలూరునుండి జిల్లా కేంద్రమునకు పోయిరా ఒక దినము, ఒక బాడుగ నష్టము. యింజను మార్చినవాడు 14 దినముల గడువును దాటవేయుట దొంగబుద్ధిచే గాక, ఈ ప్రయాణభయముచేతనే తరచు జరుగుచున్నది. రవాణాధికారులు నెలకు రెండుదినములు ఉదయగిరిలో కూర్చుండి, యింజను మార్పులను అచటనే చూచి, నంబరును అచటనే పత్రమున కెక్కించు నేర్పాటు చేయవలయునని కోరుచున్నాము. అందులకు కొత్త చట్టము నక్కరలేదు. ఒక మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరును, ఒక బల్లయు చాలును.