మా తాత మోసిన రాళ్లు

పోయిన దసరాకు జుక్కల్ వెళ్లినప్పుడు నానమ్మను బండి మీద ఎక్కించుకుని అట్లా ఊరు చుట్టూ తిప్పుకొద్దామని బయల్దేరాను. మా వాడ పాత బడి దగ్గరికి రాగానే భుజం తట్టి ఆపమంది. పెంకులు జారిపోయిన ఒంటి గది అది. పిల్లలు కొత్త బిల్డింగులోకి మారి చాలా ఏండ్లయింది.

"ఈ గోడకు రాళ్లు మోసింది మీ తాతనే రా. కూలి గూడ తీసుకోలే" అంది.

తాత బడి ముఖం చూసింది బయటినుంచే. చిన్నప్పుడు ఊరి బడి అరుగు కింద కూర్చోనిచ్చారు, లోపలికి రానివ్వలేదు. విని విని ఎక్కాలు నేర్చుకున్నాడు గానీ సంతకం రాలేదు. ఆ మనిషి మా వాడ పిల్లల కోసం రాళ్లు మోశాడని నాకు ఇరవై ఎనిమిదేళ్లొచ్చాక తెలిసింది. అప్పటిదాకా నా ఇంజనీరింగ్ సీటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అన్నీ నా ర్యాంకు గొప్పతనమే అనుకున్నాను.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఇలాంటి బళ్ల గురించి వెతికి చదివాను. నేను రోజూ తిరిగే కోఠి పక్కనే ఇసామియా బజార్. అంటరానివాళ్లని దూరం పెట్టిన పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ 1910లో అక్కడ బడి పెట్టారు. రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ అయితే, ఆయన బళ్లలో చదువు తెలుగులో సాగింది. ఒక్కటితో మొదలై 26 బళ్లయ్యాయి, దాదాపు 2,500 మంది పిల్లలు చదివారు. తర్వాత వాటిని నిజాం సర్కారే తీసుకుంది. అంటే సర్కారు చేయాల్సిన పనిని ముందు జనమే చేసి చూపించారన్నమాట.

సరిగ్గా అదే కాలంలో అమెరికా దక్షిణాది పల్లెల్లోనూ ఇదే కథ. తెల్ల పిల్లలకో బడి, నల్లజాతి పిల్లలకో బడి. రెండోదానికి డబ్బు అరకొరే. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్, సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి 1912లో అలబామాలో ఆరు బళ్లతో మొదలుపెట్టారు. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 బళ్లు లేచాయి.

షరతు ఒక్కటే: ఊరు కూడా తన వంతు వేయాలి. అప్పటికే పన్ను కడుతున్న జనం మళ్లీ చందాలేశారు. జాగ ఇచ్చారు, కలప ఇచ్చారు, ఒంటి చాకిరీ చేశారు. కొన్ని ఊళ్లల్లో పత్తి చేనులో ఒక చెక్క బడి కోసమే పండించారు. మా నల్లరేగడి పత్తి చేలు చూసి పెరిగినవాణ్ణి కదా, ఆ మాట దగ్గర ఆగిపోయాను. లెక్క తీస్తే రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికంటే ఆ పేదలు వేసిన చందాలే ఎక్కువ. కానీ బళ్లకు నిలిచిన పేరు రోజెన్‌వాల్డ్ బళ్లని.

ఇంజనీర్‌ని కాబట్టి వాటి ప్లాన్లు కూడా చూశాను. కరెంటు లేని పల్లెలు కావడంతో వరసగా పొడుగాటి కిటికీలు పెట్టారు. రాసే చెయ్యి నీడ పలక మీద పడకుండా వెలుతురు పిల్లల ఎడమవైపు నుంచి వచ్చేలా బల్లలు వేశారు. అంత శ్రద్ధగా కట్టినవే. 1954లో వేరు బళ్లు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి, చాలావరకు కూలిపోయాయి. మిగిలిన కొన్నింటిని అక్కడ చదివిన ముసలివాళ్లే పట్టుబట్టి బాగుచేయించుకుంటున్నారు.

మా వాడ గదిని కూడా కూల్చేస్తారట. వద్దనను, ఆ కప్పు ఏదో రోజు పిల్లల మీద పడేలా ఉంది. కానీ కట్టినవాళ్ల పేర్లతో కొత్త బడిలో ఒక పలకైనా ఉండాలిగా! మీ ఊళ్లోనూ బడికి జాగ ఎవరిచ్చారో, మట్టి ఎవరు మోశారో పెద్దోళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి.

ఆ సాయంత్రం ఫోన్లో రికార్డు పెట్టి నానమ్మను అడిగాను. పదకొండు పేర్లు గుర్తుచేసుకుంది. నేను తాత పేరు పైన టైప్ చేయబోతే ఊరుకోలేదు.

"ఆగు బిడ్డా, జాగ ఇచ్చినాయనది ముందు రాయి. మీ తాత రాళ్లే గద మోసింది."