వయసు చూసి మందు తగ్గించొద్దు



డెబ్బై దాటిన స్త్రీకి అండాశయ క్యాన్సర్ వస్తే తేలికపాటి మందుతో సరిపెట్టడమే దయ అన్న గత సంచిక వ్యాసం మాట ఒప్పుకోదగ్గది కాదు.

2021లో ఫలితాలు వెలువడిన ఈవాక్-1 పరిశోధనలో ఉన్నది అలాంటి వయసులో ఈ క్యాన్సర్ వచ్చి, బాగా బలహీనపడ్డ 120 మంది స్త్రీలే. కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఒక్కటే తీసుకున్నవాళ్లు, పాక్లిటాక్సెల్ అనే మరో మందు కూడా కలిపి మూడు వారాలకోసారి తీసుకున్నవాళ్ల కంటే త్వరగా చనిపోయారు. పరిశోధనను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

వయసుకు బదులు నడక, తిండి, జ్ఞాపకశక్తి, ఇంట్లో తోడు ఎలా ఉన్నాయో మందు మొదలుపెట్టే ముందే చూసుకోవాలి. అమెరికాలో ఒక పరిశోధనలో క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్ల గురించి ఇలాంటి వివరాలు డాక్టర్ల చేతికిస్తే తీవ్ర దుష్ప్రభావాలు 71 శాతానికి బదులు 51 శాతం మందిలోనే కనిపించాయి.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో లక్డీకాపూల్‌కు తిన్నగా వెళ్తుంది, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి అక్కడికి దగ్గరే. కానీ అక్కడి ఓపీ వరుసలో నిలబడే ఓపికే జబ్బుపడ్డ పెద్దావిడకు ఉండదు. అందుకే ఇక్కడి క్లినిక్కులే ఆమెను కుర్చీలోంచి లేపి, నాలుగడుగులు నడిపించి, చూసింది చీటీలో రాసి పంపాలి.

— ఒక పాఠకురాలు, ఎల్బీనగర్