నివేదిక పచ్చగా ఉంటే చాలదు



వార్షిక నివేదికల కాలం వచ్చిందంటే చాలు, ఇంధన కంపెనీలన్నీ పచ్చ అట్టలు తొడుక్కుంటాయి. నేనుండేది బర్నబీలో. ఇక్కడ బురార్డ్ ఇన్‌లెట్ ఒడ్డున 1930ల నుంచీ ఒక చమురు శుద్ధి కర్మాగారం నడుస్తోంది. రోజుకు 55,000 బ్యారెళ్ళ సామర్థ్యం. 2017లో షెవ్రాన్ నుంచి పార్క్‌లాండ్ దీన్ని కొన్నది. 2025 అక్టోబరులో ఆ పార్క్‌లాండ్‌నే అమెరికాకు చెందిన సునోకో కొనేసింది.

ఈ కర్మాగారానికి మంచి పేరు ఉత్తినే రాలేదు. ముడి చమురుతో పాటు కనోలా నూనె, పశువుల కొవ్వు కలిపి, ఉన్న యంత్రాల్లోనే శుద్ధి చేయడం కెనడాలో ముందుగా ఇక్కడే మొదలైంది. 2025 ఆరంభంలో సుమారు లక్ష లీటర్ల తక్కువ కార్బన్ విమాన ఇంధనం తయారుచేశామని, దాన్ని ఎయిర్ కెనడా కొన్నదని ప్రకటించారు. సంతోషమే.

కానీ లెక్క చూడండి. 55,000 బ్యారెళ్ళంటే దాదాపు 87 లక్షల లీటర్లు. లక్ష లీటర్లంటే ఆ కర్మాగారానికి రమారమి పావుగంట పని! డీజిల్, పెట్రోలులో కలిసేది ఇంతకంటే ఎక్కువే. అయినా ప్రధాన ముడిసరుకు నేటికీ ముడి చమురే. రోజుకు 6,500 బ్యారెళ్ళ పునరుత్పాదక డీజిల్ కోసం విడిగా కట్టాలనుకున్న ప్లాంటును, ఖర్చులు పెరిగాయనీ, అమెరికా రాయితీలతో పోటీ పడలేమనీ 2023 మార్చిలో వదిలేశారు.

ఇక గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి చేసే అసలైన కృత్రిమ ఇంధనం సంగతి. మాకు దగ్గర్లోని స్క్వామిష్‌లో కార్బన్ ఇంజనీరింగ్ సంస్థ దాన్ని ప్రయోగస్థాయిలో చేసి చూపింది. ఆ సంస్థను 2023లో ఆక్సిడెంటల్ 110 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంధనం మాత్రం ఇంకా బంకుల దాకా రాలేదు.

2024 జనవరి 21న బర్నబీ కర్మాగారంలో అనుకోకుండా ఉత్పత్తి ఆగింది. ఘాటైన వాసన చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ కమ్మింది. మార్చి చివరి దాకా పని సాగలేదు. వాటాదారుకు అది లాభంలో కోత. కొండ మీద ఇళ్ళవాళ్ళకు అది పీల్చే గాలి. సుస్థిరత అనే మాటలో ఈ రెండో లెక్క ఉండాలా, వద్దా?

మనలో చాలామంది రిటైర్మెంట్ పొదుపు ఇలాంటి కంపెనీల్లోనే ఉంది. అందుకే అడగాలి: మొత్తం అమ్మకాల్లో తక్కువ కార్బన్ ఇంధనం వాటా ఎంత? అమ్మిన ఇంధనం కాలితే వచ్చే కార్బన్ లెక్కలో ఉందా? ముడిసరుకు ఎవరి పొలం నుంచి, ఎవరి నీళ్ళతో?

ఈ చివరి ప్రశ్న మన ఊళ్ళదాకా వెళ్తుంది. ఇథనాల్‌నూ పచ్చ ఇంధనమనే అంటున్నారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డెక్కితే ప్రభుత్వం పనులు ఆపించింది. వాళ్ళను అభివృద్ధి నిరోధకులని ఇక్కడ కూర్చుని అనేయడం తేలిక. బర్నబీలో మన కిటికీ దాకా వాసన వస్తే మనం అడిగే ప్రశ్నే వాళ్ళూ అడిగారు. ఇక్కడ మనకున్న హక్కు అక్కడ వాళ్ళకు లేదా?