నాన్న ల్యాప్‌టాప్‌కు ఏ సిస్టం మేలు?

కొడుకు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. అతను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ తెనాలిలో నాన్న బల్ల మీదికి చేరుతుంది. ఈ-పేపరు, యూట్యూబ్‌లో ప్రవచనాలు, బ్యాంకు ఖాతా, మనవరాలితో వీడియో కాల్... ఆయన అవసరాలు ఇంతే. ఇప్పుడు దాన్ని తెరిస్తే, విండోస్‌కు గడువు తీరిందన్న హెచ్చరిక కనిపిస్తోంది. ఏం నొక్కితే ఏమవుతుందోనని ఆయన మూత దించేస్తాడు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లు మరికొంత కాలం వస్తాయి, అంతే. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. 2017కు ముందు కొన్న యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు.

అలాగని బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను పాత సామాన్లవాడికి వేయక్కర్లేదు. పని అంతా బ్రౌజర్‌లోనే జరిగే ఇంటికి లినక్స్ మింట్ చాలు. 2006 నుంచి ఉన్న ఈ సిస్టం పూర్తిగా ఉచితం. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ ఉంటాయి కాబట్టి విండోస్‌కు అలవాటైన చెయ్యి తడబడదు. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. తెలుగులో టైపు చేసుకోవచ్చు.

లినక్స్ అంటే ఇంజనీర్లకే అన్న భయం అక్కర్లేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి దాని మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. తెలుగులో కనిపించే లినక్స్ కోసం మన 'స్వేచ్ఛ' సంస్థ యువకులు ఎప్పుడో శ్రమించారు.

అయితే ట్యాలీలో లెక్కలు రాసే బాబాయికి, డిజిటల్ సంతకంతో రిటర్నులు వేసే అత్తయ్యకు ఇది సరిపడదు. వాళ్లకు విండోసే మేలు. ఫోన్ చేస్తే సాయం చేసే మనిషికి ఏ సిస్టం తెలుసన్నది కూడా అంతే ముఖ్యం. తనకే తెలియనిదాన్ని పెద్దవాళ్లకు అంటగట్టడం తప్పు.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. ఏదీ చెరపకుండా దాన్నుంచే నడిపి చూడవచ్చు. వైఫై అందుతోందా, ప్రింటర్ కాగితం తీస్తోందా, వీడియో కాల్‌లో మాట వినిపిస్తోందా సరిచూడండి. ఫొటోలన్నీ వేరేచోట దాచాకే ఇన్‌స్టాల్ చేయండి. అక్షరాలు పెద్దవి చేసి, మౌస్ నాన్న చేతికిచ్చి, ఓ పూట పక్కనే కూర్చోండి.