గడియారం ఆగినంత మాత్రాన...

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలో ఉన్న చార్మినారును మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారు బొమ్మలోనైనా చూసి ఉంటారు. దాన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. ఐతే దానికి నాలుగు వైపులా కనబడే గడియారాలు అప్పటివి కావు. వాటిని 1889లో పెట్టారు. అంటే కట్టడానికి 298 ఏళ్ళు నిండిన తరువాత దానికి కొత్త సామాను అమర్చారన్నమాట!

ఆ నాలుగింటిలో ఒక గడియారం ఒకనాడు ఆగిపోయిందనుకోండి. లాడ్ బజారుకు గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు తలెత్తి చూసి, "అరే, గడియారం ఆగిందే!" అంటారు. అంతేగాని, "చార్మినారు పని అయిపోయింది, పునాదులతో సహా తవ్వేసి మళ్ళీ కడదాం," అని ఎవరూ అనరు. గడియారాలు బాగుచేసేవాడు పైకెక్కి, ఏ చక్రం పట్టేసిందో చూస్తాడు.

కంప్యూటరు విషయంలో మాత్రం పెద్దవాళ్ళు కూడా ఈ సంగతి మరిచిపోతూ ఉంటారు. ఎలాగో చూడండి.

శాలిబండలో ఒక ఇంట్లో పాత కంప్యూటరు ఉన్నదనుకుందాం. విండోస్ 10కు మైక్రోసాఫ్టు కంపెనీ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ యంత్రం విండోస్ 11కు సరిపోదు. అందుచేత ఇంట్లో అన్నయ్య దానిలో లినక్సు అనే ఉచితమైన ఆపరేటింగ్ సిస్టం వేశాడు. కొంతకాలం అంతా బాగానే నడిచింది. ఒక రాత్రి, "కొత్త కూర్పు వచ్చింది, వేయమంటారా?" అని కంప్యూటరు అడిగింది. అన్నయ్య "సరే" అన్నాడు. తెల్లవారి చూస్తే తెరంతా నలుపు! మధ్యలో మౌసు బాణం మాత్రం బిక్కుబిక్కుమంటూ కదులుతున్నది.

ఆ కంప్యూటరులో నాన్నగారి దుకాణం లెక్కలున్నాయి. చెల్లాయి బడికి ఇవ్వవలసిన పాఠం ఉన్నది. తాతయ్య ఫోటోలు మరెక్కడా లేవు. ఇంతలో ఎవరో వచ్చి, "దీనికి ఒకటే మందు. మొత్తం తుడిచేసి మొదటినుంచీ వేయాలి," అంటారు. 

ఆగండి! ఆ మాట వినేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కూలింది చార్మినారా, ఆగింది గడియారమా?

మనం తెర మీద చూసే బొమ్మలు, కింది పట్టీ, కిటికీలు, ఇవే కంప్యూటరు అని అనుకుంటాం. నిజానికి అవి పై అంతస్తు మాత్రమే. అన్నిటికన్నా అడుగున కెర్నెల్ ఉంటుంది. జ్ఞాపకశక్తినీ, డిస్కునూ, మీటలనూ నడిపించేది అదే. లినక్సు కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దాని పైన తెర మీద బొమ్మ గీసే భాగం. ఆపైన పేరూ, రహస్యపదమూ అడిగే ద్వారం. ఆ ద్వారం దాటిన తరువాత వచ్చేదే డెస్క్‌టాపు. కేడీఈ అనే డెస్క్‌టాపును 1996లోనూ, గ్నోమ్ అనేదాన్ని 1997లోనూ ప్రారంభించారు. మీ లెక్కలూ, ఫోటోలూ వీటిలో ఏ అంతస్తులోనూ ఉండవు. అవి డిస్కు మీద మీ పేరు గల ఫోల్డరులో వేరుగా ఉంటాయి. డెస్క్‌టాపు రాకపోయినంత మాత్రాన అవి పోవు. తుడిచేస్తే మాత్రం పోతాయి!

మరి కొత్త కూర్పు వేస్తే పాతది ఎందుకు చెడాలి? మీరు ఏ రంగు కావాలన్నారో, పట్టీ ఎక్కడ ఉండాలన్నారో, ఏ అదనపు సామాను తగిలించారో, అదంతా కంప్యూటరు ఒకచోట రాసిపెట్టుకుంటుంది. కొత్త డెస్క్‌టాపు వచ్చి ఆ పాత చీటీ చదువుతుంది. పాత తాళంచెవి కొత్త తాళంలో పెట్టినట్టు, కొన్ని మాటలు దానికి అర్థం కావు. ఒక్కొక్కప్పుడు తెరను నడిపించే డ్రైవరు కొత్త కెర్నెల్‌తో కుదరదు. ఒక్కొక్కప్పుడు మధ్యలో కరెంటు పోయి పని సగంలో ఆగిపోతుంది. ఇంకొక్కప్పుడు ఏమీ చెడదు, రూపం మారుతుంది, అంతే. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు పాత పట్టీలూ, జాబితాలూ కనబడక ఎంతోమంది తికమకపడ్డారు. పాత పద్ధతే కావాలన్నవారు దాన్ని మాటె అనే పేరుతో ఈనాటికీ నడుపుకుంటున్నారు.

ఒక్క అంతస్తులోని చిన్న లోపం పై అంతస్తునంతా ఎలా పడగొడుతుందో తెలిపే నిజమైన కథ ఒకటి ఉన్నది. అది మన తెలుగు అక్షరం కథే!

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ప్రపంచమంతటా వార్తలకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనుకు ఈ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే, దాన్ని చూపబోయిన ప్రోగ్రాం టక్కున మూతపడేది. నోటిఫికేషన్లలోకి వస్తే స్ప్రింగ్‌బోర్డే పడిపోయేది. కంప్యూటరుకు డెస్క్‌టాపు ఎలాగో, ఐఫోనుకు స్ప్రింగ్‌బోర్డు అలాగ. మనం ఒకే అక్షరంగా చదివేదాన్ని యంత్రం ముక్కలుగా దాచుకుంటుంది. ముందు "జ", తరువాత పొల్లు, తరువాత "ఞ", ఆపైన కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం. ఈ ఐదింటినీ కలిపి ఒక్క బొమ్మగా గీయాలి. గీసే భాగంలో ఉన్న లోపం వల్ల ఆ పని కుదరలేదు. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. చూశారా! లోపమల్లా అక్షరాలు గీసే చోటనే ఉన్నది. చెడినది ఏ అంతస్తో తెలిసింది కనుక, ఆ అంతస్తునే బాగుచేశారు.

ఇక మన శాలిబండ కంప్యూటరు దగ్గరికి వద్దాం. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితం మీద తారీఖు వేసి, ఏం కనబడుతున్నదో రాయండి. చేసిన ప్రతి పనీ రాయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల ఇంకా చెడిందో ఎవరికీ తెలియదు.

మొదటి ప్రశ్న: అడుగు అంతస్తు పనిచేస్తున్నదా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు మూడూ కలిపి నొక్కండి. నల్లని తెర మీద తెల్లని అక్షరాలతో మీ పేరు అడిగితే సంతోషించండి! కెర్నెల్ నిక్షేపంగా ఉన్నది. సగంలో ఆగిన పనిని ఇక్కడినుంచే పూర్తి చేయించవచ్చు. డిస్కు పూర్తిగా నిండిపోయిందేమో కూడా ఇక్కడే చూడాలి. డిస్కులో చోటు లేకపోయినా డెస్క్‌టాపు తెరుచుకోదు.

ఆ తెర కూడా రాకపోతే, కంప్యూటరును మళ్ళీ మొదలుపెట్టి, బయలుదేరేటప్పుడు వచ్చే పట్టికలో పాత కెర్నెల్‌ను ఎన్నుకోండి. కొత్తది వేసినప్పుడు పాతదాన్ని సాధారణంగా అట్టేపెట్టి ఉంచుతారు. పాతదానితో నడిస్తే, చిక్కు కొత్త కెర్నెల్‌లోనో, దానికి కుదరని డ్రైవరులోనో ఉన్నదన్నమాట.

రెండవ ప్రశ్న: ద్వారం దగ్గర మరో దారి ఉన్నదా? రహస్యపదం అడిగే చోట కొన్నిటిలో పళ్ళచక్రం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే, ఒకటికన్న ఎక్కువ డెస్క్‌టాపులు ఉన్నపక్షంలో వాటి పేర్లు కనబడతాయి. వేరొకటి ఎన్నుకుని చూడండి.

మూడవ ప్రశ్న అన్నిటికన్నా చక్కనిది: కొత్త మనిషికి తలుపు తెరుచుకుంటున్నదా? కంప్యూటరులో మరొక పేరుతో కొత్త ఖాతా తెరవండి. కొత్త ఖాతాకు పాత చీటీలేమీ ఉండవు. దానిలో డెస్క్‌టాపు చక్కగా వస్తే, ఆపరేటింగ్ సిస్టం బాగానే ఉన్నదనీ, మీ పాత సెట్టింగులలోనే ఏదో చిక్కు ఉన్నదనీ తేలిపోతుంది. అవి పేరుకు ముందు చుక్క గల ఫోల్డర్లలో దాగి ఉంటాయి. వాటిని చెరిపేయవద్దు. పేరు మార్చి పక్కన ఉంచండి. పొరబాటైతే పాత పేరే మళ్ళీ పెట్టుకోవచ్చు. కొత్త ఖాతాలో కూడా తెర నల్లగానే ఉంటే, చిక్కు అందరికీ ఉమ్మడిగా ఉండే అంతస్తులో ఉన్నది.

ఏదీ పనిచేయకపోతే? అప్పుడు కూడా తుడవవద్దు. యూఎస్‌బీ పుల్ల మీద లినక్సు వేసి, దానిమీదనుంచే కంప్యూటరును నడపవచ్చు. అలా నడిపి, డిస్కులోని లెక్కలూ, పాఠమూ, ఫోటోలూ మరో డిస్కు మీదికి నకలు తీసుకోండి. తెరిచి సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తరువాత ఏం చేసినా భయం లేదు.

విండోస్ వాడేవారికీ ఇదే తర్కం. కింది పట్టీ మాయమైతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, వచ్చే జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరరును మళ్ళీ మొదలుపెట్టి చూడాలి. పట్టీని నడిపేది అదే. విండోస్ 10 నుంచి 11కు మారినవారికి మామూలుగా పదిరోజుల్లోపు వెనక్కు పోయే వీలుంటుంది.

ఒక్కొక్కసారి డెస్క్‌టాపు వస్తుంది గాని, తెలుగు అక్షరాలకు బదులు చిన్న చిన్న డబ్బాలు కనబడతాయి. దీనికి భయపడనక్కరలేదు. మీరు రాసినది చెడలేదు. దాన్ని గీయడానికి కావలసిన ఫాంటు లేదు, అంతే. పోతన, వేమన, లోహిత్ వంటి ఉచితమైన తెలుగు ఫాంటు ఒకటి వేస్తే డబ్బాలన్నీ మళ్ళీ అక్షరాలవుతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. కొత్త కూర్పు వేసే ముందురోజే ముఖ్యమైనవన్నీ వేరే డిస్కు మీదికి నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటరునుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. పిల్లల పరీక్షల ముందు, దుకాణం లెక్కలు చూసే వారంలో కొత్త కూర్పుల జోలికి పోకండి. బాగుచేయడానికి వచ్చినవారు "తుడిచేస్తాం" అంటే, "ఏ అంతస్తు చెడింది?" అని అడగండి. జవాబు చెప్పగలవారికే యంత్రం అప్పగించండి.

చేసి చూడండి: కంప్యూటరు బాగున్నప్పుడే అమ్మనో నాన్ననో అడిగి, "పరీక్ష" అనే పేరుతో ఒక కొత్త ఖాతా తెరవండి. మీ ఖాతాలో పట్టీని పక్కకు జరిపి, గోడబొమ్మ మార్చండి. తరువాత "పరీక్ష" ఖాతాలోకి వెళ్ళండి. అక్కడ మీ మార్పులేవీ కనబడవు! ఎందుకు కనబడవో ఇంట్లోవారికి మీరే వివరించండి. ఆ ఖాతాను అలాగే ఉండనివ్వండి. తెర నల్లబడిన నాడు అది పనికివస్తుంది.