ప్రమాణానికి ముందే అడగాలి

తాండూరులోనో వికారాబాద్‌లోనో అసెంబ్లీకి నామినేషన్ వేసేవారు ఫారం 26 కింద అఫిడవిట్ ఇవ్వాలి. తమ మీద నడుస్తున్న కేసులు, పడిన శిక్షలు, కుటుంబం పేరున ఉన్న పొలాలు, బంగారం, అప్పులు అన్నీ రాయాలి. దీనికి మూలం 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే. హైకోర్టు జడ్జి పదవికి వెళ్లే పేరుకు మాత్రం అలాంటి బహిరంగ అఫిడవిట్ లేదు. అంతా నిఘా విభాగం నివేదికలోనూ కొలీజియం గదిలోనూ ముగుస్తుంది. గతాన్ని తవ్వితే కోర్టుల పరువు పోతుందని, గోప్యతే న్యాయమూర్తికి రక్షణ అని చదువుకున్నవారిలో బలమైన అభిప్రాయం ఉంది. అది తప్పు. తప్పు చేయని న్యాయమూర్తికే ఆ గోప్యత ఎక్కువ నష్టం చేస్తుంది.

సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ విషయమే చూడండి. 1981లో నాగార్జున విశ్వవిద్యాలయం దగ్గర బస్‌స్టాప్ కోసం విద్యార్థులు చేసిన ఆందోళన కేసులో ఆయన పేరు ఉండేది. 2000లో ఆయన హైకోర్టు జడ్జి అయ్యారు. ఆ కేసును దాచారంటూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2013లో కొట్టేసింది. నియామకానికి ముందు ఒక్క ప్రశ్నతో తేలాల్సిన సంగతికి పదమూడేళ్లు పట్టింది. 2020 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఆయనపై ఫిర్యాదు లేఖ రాసి బయటపెట్టారు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు తన అంతర్గత విధానం కింద దాన్ని తోసిపుచ్చింది, వివరాలు గోప్యమంది. ఆరోపణ ఊరూరా తిరిగింది, అది నిలవదని తేల్చిన కారణాలు మాత్రం గడప దాటలేదు. ఈ గోప్యత ఎవరిని కాపాడినట్టు?

కుర్రతనపు పనులకు జీవితమంతా జవాబు చెప్పాలా అని అడుగుతారు. బస్సు కోసం చేసిన ధర్నా వేరు, సాటి మనిషిని గాయపరచడం వేరు. వయసు, తీవ్రత, నిజం చెప్పారా లేదా అన్నవి తూచి చూడాలి, తూచాలంటే ముందు అడగాలి. అమెరికా రభస మనకెందుకంటారు. 2018లో అక్కడి సుప్రీంకోర్టుకు నామినేట్ అయిన బ్రెట్ కావనాపై, ఆయన పదిహేడేళ్ల వయసు నాటి ఆరోపణను సెనేట్ విన్నది, చివరికి 50–48 ఓట్లతో ఆయన్ను ఆమోదించింది. అక్కడి లోపం అడగడంలో లేదు, జవాబును పార్టీల లెక్కకు వదిలేయడంలో ఉంది. ఆస్తుల విషయంలోనైతే జ్ఞాపకంతో పనే లేదు, రిజిస్ట్రేషన్ కాగితాలే మాట్లాడతాయి. 2025 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఆస్తులను వెబ్‌సైట్‌లో పెట్టారు, దానివల్ల వారి స్వతంత్రత తగ్గలేదు.

కానీ ఆ వెల్లడి ప్రమాణం తర్వాతది. ప్రమాణం అయ్యాక న్యాయమూర్తిని తొలగించాలంటే పార్లమెంటు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి, 1993లో జస్టిస్ వి. రామస్వామిపై తీర్మానం లోక్‌సభలోనే వీగిపోయింది. ప్రమాణానికి ముందైతే తప్పు దిద్దడం సాధ్యమే. 1992లో గౌహతి హైకోర్టుకు నియమితుడైన కె.ఎన్. శ్రీవాస్తవకు అర్హత లేదని సుప్రీంకోర్టు ఆ దశలోనే నియామకాన్ని రద్దు చేసింది. అందుకే కేసులు, ఆస్తులు తెలిపే అఫిడవిట్ ముందే ప్రజల ముందుంచాలి. ఆధారాలతో అభ్యంతరం చెప్పడానికి గడువివ్వాలి. అబద్ధపు ఫిర్యాదును కారణాలు రాసి మరీ కొట్టేయాలి.

2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లా కోర్టులను ప్రారంభించింది ప్రధాన న్యాయమూర్తి హోదాలో జస్టిస్ రమణే. వాటిలో ఒకటైన వికారాబాద్ జిల్లా కోర్టులో ఏ గట్టు తగాదా కేసైనా ఎలా తేలుతుంది? సాక్షి ఎప్పటి జ్ఞాపకాన్నో చెబుతాడు, ప్లీడరు అందరి ముందూ క్రాస్ చేస్తాడు, పాత దస్తావేజు బయటికొస్తుంది. రైతుకు ఈ పద్ధతిలో న్యాయం దొరుకుతుందని నమ్మే వ్యవస్థ, తన న్యాయమూర్తికీ ఇందులోనే న్యాయం దొరుకుతుందని నమ్మాలి.