లేతు షెడ్డునకు అంకెల కొలమానము

యంత్రములను గూర్చి తెలుగు ఉపన్యాసకులు వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మా తరగతిలో కూర్చుండు విద్యార్థులలో పలువురి తండ్రులు లేతు షెడ్లలో పని చేయువారే. తండ్రిగారి వృత్తి యేమని అడిగినచో “బిజినెస్” అని చెప్పి తల వంచుకొను పిల్లలను మేము ఎరుగుదుము. పెరటి చెట్టు మందుకు రాదను సామెత మన చదువులకు ఎంతగా అన్వయించునో వారిని చూచిన పిదపనే మాకు బోధపడినది.

ఇక్కడ మేము చెప్పదలచినది ఒక చిన్న పరికరమును గూర్చి. పాత లేతునకు తక్కువ ఖర్చుతో అమర్చుకొనదగిన అంకెల కొలమానము అది. డిజిటల్ రీడౌట్ అని దానికి పేరు. మన విద్యార్థులు దీనిని తమ చేతులతో నిర్మింపవలెననియు, నిర్మించిన విధమును తెలుగులోను ఉర్దూలోను వ్రాసి యుంచవలెననియు మా అభిప్రాయము.

దీని అవసరమేమో ముందుగా చూతము. లేతులో పనిముట్టును ముందుకు వెనుకకు నడుపునది ఒక మర. దాని పిడి వద్ద గీతలు గల చక్రము ఉండును. మర ఒక చుట్టు తిరిగినప్పుడు 4 మిల్లీమీటర్లు జరుగునట్టిదై, చక్రముపై 80 గీతలున్నచో, ఒక్కొక్క గీతకు 0.05 మిల్లీమీటరు వచ్చును. యంత్రము కొత్తదిగా ఉన్నంతకాలము ఈ లెక్క చక్కగా సాగును. ఏండ్లు గడచిన కొలది మరయు నట్టును అరిగిపోవును. అప్పుడు పిడిని వెనుకకు త్రిప్పిన, చక్రము తిరుగును గాని పనిముట్టు కదలదు. షెడ్డులో దీనిని “లూజు” అందురు. అనుభవజ్ఞుడైన ఉస్తాదు ఈ లూజును మనస్సులో లెక్కించుకొని పని నడుపును. కొత్తగా చేరిన కుర్రవాడు ఇనుమును పాడుచేయును. పాడైన ఇనుము ఖరీదు యజమానిది, తిట్లు కుర్రవానివి.

అంకెల కొలమానము మరను నమ్మదు. పనిముట్టు కూర్చున్న స్లైడు నిజముగా ఎంత జరిగినదో నేరుగా కొలుచును. కావున నట్టు అరిగినను కొలత చెడదు. కంపెనీలు అమ్మునవి అనేక వేల రూపాయల ఖరీదు చేయును. చిన్న షెడ్డునకు అది భారము.

దీనికి సులువైన ఉపాయమును వ్యాప్తి చేసినవారు పాశ్చాత్య దేశములలో ఇంటివద్దనే చిన్న యంత్రములు పెట్టుకొని పని చేయు ఔత్సాహికులు. ఇంగ్లండులో ఇట్టివారికొరకు ‘మోడల్ ఇంజనీర్’ అను పత్రిక 1898లోనే ప్రారంభమైనది. వారికి అది తీరిక వేళల వేడుక. మనవారికి అది జీవనాధారము. ఉపాయము మాత్రము ఒక్కటే.

బజారులో వెయ్యి రూపాయలకు అటు ఇటుగా దొరకు అంకెల కాలిపరును తీసికొందురు. దాని పట్టీలోను, జరుగు భాగములోను సన్నని రాగి పలకలు వరుసగా ఉండును. ఒకటి మరొకదానిపై జరిగినప్పుడు వాని నడుమ విద్యుత్ ధారణశక్తి మారును. ఆ మార్పును లెక్కించి తెరపై అంకె చూపుట కాలిపరు పని. పట్టీని కదలని భాగమునకును, జరుగు భాగమును క్రాస్ స్లైడునకును బిగించిన సగము పని అయినట్లే. అనేక కాలిపరులకు ప్రక్కన చిన్న రంధ్రములో నాలుగు తీగెల మొనలుండును. కొలత వానిగుండా విద్యుత్ సంకేతములుగా వెలుపలికి వచ్చును. సంకేతము ఒకటిన్నర వోల్టు మాత్రమే గనుక, ఒక ట్రాన్సిస్టరు సహాయముతో దానిని పెంచి, 2005లో ఇటలీలో రూపొందిన ఆర్డువీనో వంటి చిన్న బోర్డునకు అందింపవలెను. అచ్చటినుండి పెద్ద తెరకో, చేతి ఫోనునకో పంపవచ్చును. క్రాస్ స్లైడు ఒక మిల్లీమీటరు జరిగిన, కడ్డీ వ్యాసము రెండు తగ్గును. ఆ రెట్టింపును కూడ బోర్డే లెక్కకట్టునట్లు వ్రాసికొనవచ్చును.

దీని లోపములను దాచుట న్యాయము కాదు. తెరపై 0.01 వరకు అంకె కనబడినంత మాత్రమున కొలత అంతవరకు సత్యమని భ్రమింపరాదు. చౌక కాలిపరులో 0.02, 0.03 మిల్లీమీటరు తేడా సహజము. కొలబద్ద, కొలువవలసిన పొడవు ఒకే వరుసలో ఉండవలెనని ఎర్న్‌స్ట్ ఆబ్బే 1890లో సూత్రీకరించెను. పట్టీని ప్రక్కన బిగించుటచే స్లైడు ఒరిగినంత తప్పు చేరును. కత్తిరింపు నూనెయు, ఇనుప రజనును లోనికి పోయిన అంకెలు గంతులు వేయును గనుక రేకు కప్పు తప్పనిసరి. బేరింగు కూర్చుండు చోట మైక్రోమీటరుతో సరిచూచుకొనక తప్పదు. ఈ హద్దులను స్వయముగా కొలిచి తెలిసికొనుటయే విద్యార్థికి నిజమైన భౌతికశాస్త్ర పాఠము.

తెర వచ్చిన హస్తకౌశలము నశించునని కొందరు పెద్దలు అందురు. పనిముట్టు ఎచ్చట ఉన్నదో తెర చెప్పును. దాని మొన వాడియో కాదో, ఇనుము ఏ ధ్వని చేయుచున్నదో చెప్పదు. హునరు ఉస్తాదు చేతిలోనే ఉండును. మరి తయారైన పరికరమును కొని తెచ్చిన సరిపోదా అని కమిటీవారు అడుగవచ్చును. ఒకటి కొనిన ఒక్క లేతు బాగుపడును. నిర్మాణము నేర్చిన విద్యార్థి తన వీధిలోని లేతులన్నిటిని బాగుచేయగలడు.

వ్రాతను గూర్చి మా పట్టుదలకు కారణము గలదు. ఈ విషయమై లభించు సమాచారము చాలవరకు ఆంగ్లములోనే యున్నది. లేతుపై నిలుచువాడు చదువునది తెలుగు, లేక ఉర్దూ. అల్ జజరీ 1206లో అరబ్బీలో పూర్తిచేసిన యంత్రగ్రంథము నేటికిని గౌరవింపబడుటకు హేతువు అందలి యంత్రముల వింత మాత్రమే కాదు. ఏ భాగమును ఎట్లు చేయవలెనో పనివానికి తెలియునట్లు బొమ్మలతో వివరించుట. ఆయనను గూర్చి సభలలో గర్వముగా పలుకు మనము, ఆయన చేసిన పనిని చేయకున్న ఆ గర్వము దేనికి? లూజు, నట్టు, మర అను షెడ్డు మాటలతోనే మన పిల్లలు నాలుగు పుటలు వ్రాయుదురు గాక. వానిని సరిదిద్దు పని మాది.

కమిటీవారికి మా విన్నపము స్వల్పము. నాలుగు కాలిపరులు, రెండు బోర్డులు, ఒక సోల్డరింగు కడ్డీ ఇప్పింపుడు. అంతకంటె ముఖ్యముగా, ఊరిలోని ఒక ఉస్తాదును గురుదక్షిణతో ఆహ్వానించి, ఉపన్యాసకుల సరసన ఆయనకొక కుర్చీ వేయింపుడు. తన తండ్రివంటి వానికి కళాశాలలో ఆసనము లభించినదని చూచిన విద్యార్థి, మరునాడు హాజరు పట్టీ వేళ తండ్రి వృత్తి యేమని అడిగిన, “లేతు పని, సార్” అని తల యెత్తి చెప్పును. ఆ మాట వినవలెనని మా కోరిక.